పొట్లం ముడి

పని చెడగొట్టినవాణ్ని ఎవరైనా తిడుతుంటే వినడం నాకు మామూలుగా సరదానే. నేను కూడా నాలుగు కలిపి తిడతాను. మొన్న మాత్రం నోరు పెగల్లేదు.

నా మేనల్లుడు, అంటే మా తమ్ముడి కొడుకు, మా బాపు కాలం నాటి నల్ల కారును బాగు చేయిస్తున్నాడు. పెళ్లి ఫోటోలకు కిరాయికి ఇస్తాడట. ఫోటోకైతే బండి నిలబడితే చాలు కదరా, నడవడం ఎందుకు అంటే, "వీడియో కూడ దీస్తరత్తా, నడవకుంటె ఎట్ల?" అన్నాడు. మానుకోట గోదాంలో ఏళ్ల తరబడి ఖాళీ బస్తాల కింద పడున్న దాన్ని లారీ మీద వేసి, నేనుంటున్న జనగామకు తెచ్చి, హైదరాబాదు రోడ్డు మీద ఒక షెడ్డులో దించాడు. "ఇంజిన్ ఇప్పుతున్నరు, జర వచ్చి చూడత్తా, నీకు మస్తు యాదికొస్తయ్" అని ఒకటే ఫోన్లు. మోకాళ్లను తిట్టుకుంటూ ఆటో ఎక్కాను.

షెడ్డులో అడుగు పెట్టగానే గాసునూనె, అదే కిరోసిన్ వాసన ముక్కుకు తగిలింది. అంతవరకు బాగానే ఉంది. కానీ ఒక పెద్ద ప్లాస్టిక్ టబ్బులో అప్పటిదాకా విప్పిన ఇంజిన్ సామానంతా ఒకదాని మీద ఒకటి గుట్టగా పోసి ఉంది. అది చూడగానే నాకు ఒళ్లు మండింది. ఇలాగేనా పెట్టేది అని అడగబోయాను. అంతలోనే మెకానిక్ పిల్లవాడు అందుకున్నాడు.

"ఎవడో గాని పని రానోడు బిగించిండు పెద్దమ్మా గీ ఇంజిన్ను. గిగో సూడు, ఒకటో రాడ్డుకు మూడో దాని టోపీ, మూడో దానికి ఒకటో దాని టోపీ. నంబర్లు కొట్టి ఉన్నా సూస్కోలే. సదువు రానోడు కావచ్చు."

"మా తాత ఎవలో తండా మిస్త్రీని పెట్టుకున్నడట," అన్నాడు మేనల్లుడు నవ్వుతూ. "గాయ్ననే నాశనం చేసిండని ఇంట్ల చెప్తరు. గప్పట్నుంచి బండి పడావే."

నేను నోరు తెరిచాను. "మంచినీళ్లున్నయా బిడ్డా" అన్నాను. అనాల్సింది అది కాదు. అనాల్సిన మాట చిన్నప్పటి నుంచి నా గొంతులో ఉంది, మళ్లీ అక్కడే ఉండిపోయింది. స్టూలు మీద కూర్చుని ఆ నీళ్లు తాగుతుంటే నా మీద నాకు పుట్టిన చిరాకు ఇంతా అంతా కాదు.

ఇంజిన్ సంగతి తెలియనివాళ్లకు ఒక ముక్క చెబుతాను. నాకు తెలిసిందీ ఆ ముక్కే. లోపల నాలుగు రాడ్లు కిందికీ పైకీ ఆడుతుంటాయి. ఒక్కో రాడ్డు కింది కొస సగం గాజులా ఉంటుంది. మిగతా సగం విడిగా వస్తుంది. దాన్నే టోపీ అంటారు. రెండు సగాలూ కలిపి నడుమ తిరిగే షాఫ్టును పట్టుకుని ఉంటాయి. కలిసి తిరిగి తిరిగి ఏ రాడ్డుకు ఆ టోపీ అలవాటు పడుతుంది. ఒకదానిది ఇంకోదానికి పెడితే బోల్టు పడుతుంది, పైకి చూస్తే తేడా తెలియదు. లోపల మాత్రం షాఫ్టును పీక పట్టినట్టు పట్టేస్తుంది.

ఇది నాకు చెప్పినాయన ఆ చదువు రాని మిస్త్రీయే.

మానుకోటలో మా ఇల్లంటే ముందు కిరాణం దుకాణం, వెనక మిర్చి గోదాం, నడుమ మేము. ఎండాకాలంలో ఎవరు ఏడుస్తున్నారో, ఎవరికి ఘాటు తగిలిందో తెలిసేది కాదు. కొత్త చుట్టాలు వస్తే వాళ్లు ఎన్నిసార్లు తుమ్ముతారో నేనూ తమ్ముడూ పందెం వేసుకునేవాళ్లం. మా అమ్మ తల పక్కకు తిప్పి నవ్వుకునేది.

మా నాన్నను బాపు అనేవాళ్లం. ఆయనకు పారేయడం అనే పని చేతకాదు. సరుకు కట్టి వచ్చిన సుతిలి విప్పి ఉండ చుట్టేవాడు. వంకర మొలలు రాయి మీద పెట్టి సాగగొట్టేవాడు. అమ్మ చీర చినిగితే నాకు లంగా, లంగా చినిగితే బొంత, బొంత చినిగితే కాంటా తుడిచే గుడ్డ. ఆ గుడ్డ కూడా చినిగితే ఏమయ్యేదో నాకు గుర్తు లేదు. ఏదో ఒకటి అయ్యే ఉంటుంది.

ఆ ఇంట్లో పుట్టినందుకు నాకు ఆరో ఏటనే పొట్లం కట్టడం వచ్చేసింది. కాగితం మడిచి, చుట్టూ రెండుసార్లు దారం తిప్పి, చూపుడు వేలికి మెలివేసి ఒక్క గుంజు గుంజితే ముడి పడేది, దారం కూడా అక్కడే టక్కున తెగేది. ఎదురు దుకాణం వాళ్లు కట్టిన పొట్లం విప్పితే వచ్చేది. మాది రాదు. పళ్లతో కొరకాల్సిందే. దీన్ని నేను చాలా గొప్పగా చెప్పుకునేదాన్ని.

కారు మా తాత కొన్నది. కొన్నప్పుడే పాతది. తాత పోయాక దాని మీద మిగిలిన హక్కంతా అవ్వది, మా నాయనమ్మది. అవ్వకు బస్సు పడదు. బస్టాండు దాటకముందే కడుపులో తిప్పేది. కారులో వెనక సీటు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంటే మాత్రం వరంగల్ దాకా గుక్కతిప్పుకోకుండా మాట్లాడేది. అలాంటి బండి ఆ యేడు పొగ తప్ప ఏమీ ఇవ్వడం మానేసింది. చెరువు కట్ట ఎక్కాలంటే మేం దిగి వెనక నుంచి తొయ్యాలి.

మా చిన్నాయిన తేల్చి చెప్పాడు. "పాతినుప సామాన్లోన్ని పిలుస్త. కిలోల లెక్క తీస్కపోతడు. పీడ వోతది."

సరిగ్గా అప్పుడే మొగుళ్లపల్లి నుంచి కబురొచ్చింది. మొగుళ్లపల్లి అవ్వ పుట్టిల్లు. అవ్వకు ఒక్కతే అక్క, అక్కడే మంచం పట్టింది. మిర్చి తెచ్చిన రైతు గోదాం గడప మీద నిలబడి చెప్పాడు. "మీ అక్క తిండి తింటలేదవ్వా. నా చెల్లెను ఒక్కపారి తోల్కరమ్మని ఒకటే పాట."

అవ్వ ఏడవలేదు. బాపు వంక చూసింది. "కారు నడుస్తదారా?" అంది.

"మిరుగం లోపల నడిపిస్తనే," అన్నాడు బాపు. మిరుగం వచ్చిందంటే వానలు, వానలొస్తే వాగులు, వాగులొస్తే మొగుళ్లపల్లి దారి బంద్. అంటే ఉన్నది నెల రోజులు. చిన్నాయిన నవ్వి తువ్వాల దులుపుకుని పోయాడు. ఆ నవ్వు బాపుకు చాలా గట్టిగా తగిలింది.

మిస్త్రీ నెల్లికుదురు పక్క తండా నుంచి సైకిల్ మీద వచ్చాడు. సామాను పెట్టె అంటే మూత కోసేసిన నూనె డబ్బా. నేను కాక అని పిలిచేదాన్ని. సన్నటి మనిషి, మాట తక్కువ. గోదాం దూలానికి మిర్చి బస్తాలు తూచే కాంటా కొక్కెం ఉండేది. కాంటా తీసేసి ఆ కొక్కేనికే గొలుసు వేసి ఇంజిన్ను పైకి లేపాడు. మా అమ్మ పూజగది లోంచి వచ్చి, అది దూలంతో సహా కూలుతుందేమోనని చూసి, మళ్లీ లోపలికి పోయి దండం పెట్టుకుంది.

ఆ తర్వాత మొదలైంది లొల్లి. ఒక్కొక్క ముక్కా తీసి మిస్త్రీ పానాతో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాడు, అంగట్లో కుండ కొట్టి చూసినట్టు. "గిది మంచిగుంది సేటు, మళ్ల ఏస్కోవచ్చు. గిది పనికిరాదు."

"ఎందుకు పనికిరాదు?"

"పగులుంది సేటు."

"నాకు కనవడ్తలేదే."

"సప్పుడు ఇను."

బాపు వినేవాడు. మళ్లీ కొట్టమనేవాడు. ఇంకోసారి వినేవాడు. "మంచిగనే ఉంది గద" అనేవాడు. ఒక వాల్వు స్ప్రింగు మీద వాళ్లిద్దరూ పొద్దున దుకాణం తెరిచినప్పటి నుంచి భోజనాల దాకా వాదించుకున్నారు. పాత పిస్టన్ రింగులు మళ్లీ వెయ్యమని బాపు పట్టుబడితే, మిస్త్రీ ఒక రింగును బండ మీద వదిలాడు. రెండు ముక్కలైంది. బాపు ఆ రెండు ముక్కలూ ఏరి జేబులో వేసుకున్నాడు, దేనికో ఒకదానికి అక్కరకొస్తాయని. కొత్త రింగుల కోసం వరంగల్‌కు మనిషిని పంపితే వేరే కొలతవి తెచ్చాడు. మళ్లీ పంపితే దుకాణం బంద్. మూడోసారికి దొరికాయి. అప్పటికి పది రోజులు పోయాయి. ఆ పది రోజులూ బాపు ఇంట్లో ఎవరితోనూ మామూలుగా మాట్లాడలేదు.

రాగి వాషర్లను ఎర్రగా కాల్చి చల్లారిస్తే మెత్తబడి మళ్లీ పనికొస్తాయని మిస్త్రీ చెప్పాడు. బాపుకు ఆ మాట తేనెలా వినిపించింది. తీసుకెళ్లి వంటింటి పొయ్యిలో వేశాడు. అవ్వ మక్క గట్క కలుపుతూ చూసింది. "పొయ్యిల గట్క వొండుకోవాల్నా, ఇనుము వొండుకోవాల్నా?" అని గరిటె విసిరింది. అది మామిడి తొక్కు పెట్టే కాలం కూడా. ముక్కలు కలపడానికి కడిగి బోర్లించిన పెద్ద తాంబాళంలో మిస్త్రీ గాసునూనె పోసి వాల్వులు నానబెట్టాడు. ఆ రోజు అవ్వ కోపం ఎదురు దుకాణం దాకా వినిపించింది. తాంబాళాన్ని బూడిద, చింతపండు వేసి ఎన్నిసార్లు తోమినా వాసన పోలేదు. చివరికి కొత్త కుండలో తొక్కు పెట్టి, అందులోంచి ఒక చిన్న జాడీ నింపి, మూతికి బట్ట కట్టి పక్కన పెట్టింది. అది అక్కకు.

ఆ గోదాంలో నాకు నచ్చినవి దారాలు. మిస్త్రీకి అంకెలు రావు. అందుకని ఏ రాడ్డుకు ఏ టోపీయో తెలియడానికి రెండింటికీ ఒకే రంగు దారం కట్టేవాడు. ఎర్రది, పచ్చది, ఆకుపచ్చది, నీలిది. వాళ్లమ్మ బట్టల మీద అద్దాలు కుట్టే దారాలు అవి. తల్లిని వాళ్ల భాషలో యాడి అంటారు. "మా యాడి ఇచ్చింది. పని కాంగనే మళ్ల తీస్కపోయి ఇయ్యాలె" అని చెప్పాడు. రాడ్లు దూలానికి వేలాడదీసి ఉండేవి, టోపీలు మాత్రం కింద గోనెసంచి మీద వరసగా.

"అంకెలు రావా కాకా నీకు?" అని అడిగాను ఒకరోజు, నాలుగో తరగతి గర్వంతో.

"అంకెలు రావు బిడ్డా. రంగులొస్తయ్." తను కట్టిన ముడి చూపించాడు. ఒక కొస పట్టుకుని లాగితే మొత్తం జారిపోయి దారం నిటారుగా వచ్చేసింది. "గిట్ల కడితె మల్ల ఇప్పుకోవచ్చు. దారం ఖరాబు కాదు. నేర్పియ్యాల్నా?"

"ఊడిపోయే ముడి కూడ ముడేనా? మాది ఎంత గుంజినా రాదు తెల్సా?" అన్నాను. ఆయన నవ్వి పని చూసుకున్నాడు. నేర్చుకుని ఉంటే ఏం పోయేది నా సొమ్ము?

ఎండాకాలం సెలవుల్లో నేను బొమ్మల పెండ్లి చేసేదాన్ని. అందరూ తిని పడుకున్న ఎండ వేళ, గోదాంలో బస్తాల చాటున పెండ్లి పెట్టాను. పెండ్లికూతురు పాత బనీను ముక్క, పెండ్లికొడుకు కందిపుల్ల. తమ్ముడు అయ్యగారు. పెండ్లికి బెల్లం ముక్కలూ పుట్నాలూ దుకాణంలోంచి ముందే ఎత్తుకొచ్చాం. అన్నీ ఉన్నాయి, తలపాగా లేదు. బాసింగం లేదు. చుట్టూ చూశాను. టోపీలకు కట్టిన నాలుగు దారాలు కనిపించాయి. ఒక్కొక్క కొస లాగితే నాలుగూ ఎంత సుతారంగా ఊడి వచ్చాయో. నాకు అడ్డు చెప్పడానికి ఆ ముడులకు కూడా చేతకాలేదు.

పెండ్లి బాగా జరిగింది. అప్పగింతలు కూడా కానిచ్చాం. అంతలో బయట మిస్త్రీ సైకిల్ స్టాండు వేసిన చప్పుడు. పెండ్లికొడుకు తలపాగా ఊడబీకాను. గబగబా నాలుగు టోపీలకూ నాలుగు దారాలూ చుట్టి, వేలికి మెలేసి గుంజాను. ఎర్రది మొదటిది. నీలిది చివరిది. కాదు, పచ్చది మొదటిదా?  ఏదో ఒకటి కట్టాను. నాలుగింటిలో రెండు సరిగ్గానే పడ్డాయని మొన్న షెడ్డులో తెలిసింది. రెండే తప్పు. ఆ మాట విన్నప్పుడు నాకు ఇంకా ఎక్కువ మండింది. నాలుగూ తప్పయినా బాగుండు, బిగించేటప్పుడే ఆయనకు అనుమానం వచ్చేదేమో.

చెప్పొచ్చు కదా అప్పుడే? చెప్పొచ్చు. కానీ బాపు అప్పటికే పది రోజులుగా మిర్చి మీద కూర్చున్నట్టున్నాడు. పొద్దున చెబుతాను అనుకున్నాను. పొద్దున ఆయన మొగులు వంక చూసి మబ్బులను తిడుతున్నాడు. తర్వాత చెబుతాను అనుకున్నాను.

మిస్త్రీ బిగించడం మొదలుపెట్టాడు. రంగుకు రంగు చూసుకోవడం, టోపీ పెట్టడం, బోల్టు పట్టించడం, రాడ్డు దారం కొస లాగడం, లాగినా రాని టోపీ దారాన్ని బాపు తొందరకు ముడి కూడా చూడకుండా బ్లేడుతో కోసెయ్యడం. ఊడిన దారాలూ కోసిన ముక్కలూ అన్నీ ఒక అగ్గిపెట్టెలో దాచాడు, తల్లికి తిరిగివ్వడానికి. నేను తలుపు చాటు నుంచి చూస్తూనే ఉన్నాను. 

అన్నీ బిగించాక చేత్తో తిప్పి చూసి, తేలిగ్గా తిరగక ఆగిపోయాడు. "జర బిర్రుగున్నది సేటు. ఒక్కపారి మల్ల ఇప్పి చూస్త."

"మళ్ల ఇప్పుడా? ఎల్లుండి మిరుగం!" బాపు గొంతు పగిలింది. "కొత్తల గట్లనే ఉంటది. నడుస్తాంటె సర్దుకుంటది."

"సర్దుకునే బిర్రు కాదు గిది. ఒక్క పూట ఆగు సేటు."

"ఒక్క పూట ఒక్క పూటనుకుంట నెల పాయె. ఇప్పద్దు. బండ్లె పెట్టు."

ఆ క్షణం నేను బయటికి వచ్చి ఒక్క మాట అంటే అయిపోయేది. రాలేదు. ఇందులో బాపు తప్పు కూడా ఉందని ఇన్నేళ్లు నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఉంది, నిజమే. అయితే ఏంటి?

మరునాడు తెల్లవారగానే బయలుదేరాం. అవ్వ పట్టుచీర కట్టింది. ఒళ్లో సంచి, సంచిలో అక్కకు కొత్త చీర, సర్వపిండి, తొక్కు జాడీ. బాపు బండి తోలుతుంటే మిస్త్రీ పక్కన కూర్చుని చెవి ముందుకు పెట్టి వింటున్నాడు. చిన్నాయిన గడప మీద నిలబడి చూశాడు. బండి కదిలినప్పుడు బాపు హారన్ రెండుసార్లు కొట్టింది ఆయన కోసమే. అవ్వ మాటలు మొదలుపెట్టింది. చిన్నప్పుడు అక్కా తనూ కలిసి పచ్చి చింతకాయలు తిని కడుపునొప్పితో పడుకున్న సంగతి, వాళ్ల నాయిన ఇద్దరినీ ఒకే తాడుకు కట్టేసిన సంగతి. నేను వినలేదు. ఇంజిన్ చప్పుడే వింటున్నాను.

నెల్లికుదురు దాటాక ఇంజిన్ టకటకమంది. "ఆపు సేటు," అన్నాడు మిస్త్రీ. "వాగు దాటినంక ఆపుత," అన్నాడు బాపు. "సేటూ, ఆపు!" అని మిస్త్రీ మొదటిసారి అరిచాడు. లోపల ఏదో గిర్రున కీచుమంది. బండి ఒక్కసారి ముందుకు తూలి నిలబడిపోయింది. కాలిన నూనె వాసన కారంతా నిండింది.

అవ్వను వేపచెట్టు నీడలో కూర్చోబెట్టారు. సంచి ఒళ్లోంచి దించలేదు. మిస్త్రీ బండి కింద దూరాడు, బయటికొచ్చాడు, మళ్లీ దూరాడు. ఎండ నడినెత్తికి వచ్చింది.  అవ్వ మిస్త్రీని పిలిచి, "మొగుళ్లపల్లి ఇంకెంత దూరమున్నది నాయినా?" అని అడిగింది. అక్కడి నుంచి మొగుళ్లపల్లి అంటే వరంగల్ పోవాలి, పరకాల పోవాలి. మేం పోయింది పట్టుమని పన్నెండు మైళ్లు కూడా కాదు. ఆయన తల వంచుకుని, "దూరమే అవ్వా" అన్నాడు.

తండా నుంచి ఎడ్లను తెచ్చి కారును ఇంటికి లాగించారు. అవ్వ కచ్చురంలో, గూడు కట్టిన ఎడ్లబండిలో తిరిగి వచ్చింది. దారిలో సర్వపిండి మాకు పంచి పెట్టింది. నేను తినలేదు. కడుపునొప్పి అని చెప్పాను.

ఇంటి దగ్గర మిస్త్రీ ఇంజిన్ అడుగు డబ్బా విప్పి చూశాడు. వేలితో ఒక టోపీని తడిమాడు.  తర్వాత జేబులోంచి అగ్గిపెట్టె తీసి, దాచిన దారాలన్నీ అరచేతిలో పోసుకున్నాడు. రాడ్లకు కట్టిన దారాలు నాలుగూ ముడి లేకుండా సాఫుగా ఉన్నాయి. టోపీల దారాలు నాలుగింటికీ గట్టి ముడి, గింజంత. మా దుకాణంలో సామాను కొన్న ప్రతి ఇంట్లో పళ్లతో కొరికే ముడి. ఆయన తలెత్తి గోదాం అంతా చూశాడు. మిర్చి బస్తాల పక్కన నేను. ఆయన చూపు నా దగ్గర ఆగింది.

"ఏమైందయా? చెప్పు!" అని బాపు అరిచాడు. "నెల రోజులు నా పానం తిన్నవు. ఏమైంది?"

మిస్త్రీ గుప్పిట మూశాడు. "దారాలు కట్టుట్ల నేనే గలత్ చేసిన సేటు. ఒకదాంది ఒకదానికి పడ్డది. నాదే తప్పు."

బాపు ఆ రోజు ఆయన్ను అన్న మాటలు నేను రాయను. చదువు రాదనీ, తండావాడనీ మొదలుపెట్టి ఎక్కడికో పోయాడు. షాఫ్టును వరంగల్‌లో సాన పట్టించి మళ్లీ బిగిస్తాను, కూలి వద్దు అని ఆయన అంటుంటే కూడా ఆగలేదు. "నా గుమ్మం తొక్కకు" అన్నాడు చివరికి. చిన్నాయిన కూడా లోపలికి పోయాడు. హమాలీలు ఆ డబ్బాను ఉన్నదున్నట్టే బిగించేశారు.

మిస్త్రీ నూనె డబ్బా సైకిల్‌కు కట్టుకుంటుంటే నేను వెనక పడి వీధి మొగ దాకా పోయాను. ఏం చెప్పాలని పోయానో నాకే తెలియదు. ఆయన ఆగి, కోపం లేకుండా చూశాడు. "నీ ముడి మస్తు గట్టిగున్నది బిడ్డా. ఇప్పరాలే. బ్లేడుతోని కోసిన," అన్నాడు. సైకిల్ ఎక్కి పోయాడు.

రెండు రోజులకు వానలు మొదలయ్యాయి. శ్రావణంలో మొగుళ్లపల్లి నుంచి ఇంకో కబురొచ్చింది. అవ్వ స్నానం చేసి వచ్చి, అటక మీద నుంచి ఆ తొక్కు జాడీ దించి, మూతికి కట్టిన బట్ట విప్పింది. మా అందరి కంచాల్లో వేసింది. "తినుండ్రి. ఇంకెవలికని దాస్త?" అంది. ఆ తొక్కు రుచి నాకు ఇప్పటికీ తెలుసు. ఉప్పు కొంచెం ఎక్కువైంది.

ఆ మిస్త్రీకి మానుకోటలో తర్వాత ఎవరూ బండి ఇవ్వలేదు. సేటు కారు నాశనం చేసినవాడు అన్న పేరు ఊరంతా పాకింది. ఒకటి రెండేళ్లకు భార్యాపిల్లలతో బొంబాయి దిక్కు కూలికి పోయాడని విన్నాను. తిరిగి వచ్చాడో లేదో తెలియదు. బాపు కారును అమ్మలేదు, నడపలేదు. చిన్నాయిన మాట నెగ్గకూడదని అంతే. బాపుకు చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో. ఒకసారి పెళ్లి, ఒకసారి జబ్బు, ఒకసారి దుకాణం పంపకాల గొడవ. చివరికి చెప్పడానికి బాపే లేడు.

నాకు ఆ మిస్త్రీ మీద కోపం. ఔను, ఆయన మీదే. ఆ రోజు నన్ను పట్టి ఇచ్చి ఉంటే నాలుగు దెబ్బలు పడేవి, ఒక పూట అన్నం బంద్ అయ్యేది, అయిపోయేది. తొమ్మిదేళ్ల పిల్లను కాపాడానని అనుకుని ఈ బరువంతా నా నెత్తిన పెట్టి పోయాడు. ఎవరడిగారు ఆయన్ను? ఈ కోపం తప్పని నాకు తెలుసు. తెలిసినా పోదు.

"ఇగ వాల్వులు ఇప్పుదునా అన్నా?" అన్నాడు షెడ్డులో మెకానిక్. మేనల్లుడు ఫోన్ చూసుకుంటూ తలూపాడు. "కొత్తవి దొరుకయ్ గిప్పుడు. గివే సాన పట్టి మళ్ల ఎయ్యాలె. గా పాత మిస్త్రీ ఇంకేమేం ఉల్టా పెట్టిండో..."

"ఆయన పెట్టలే," అన్నాను.

 ఇద్దరూ నా వైపు చూశారు.

"ఆయన సరిగ్గనే కట్టిండు. దారాలు నేనిప్పిన. బొమ్మల పెండ్లికి. మళ్ల కట్టేటప్పుడు మార్చి కట్టిన. తెల్సి కూడ ఆయన నా పేరు చెప్పలే. ఆయన పనికి పేరు పెట్టద్దు. ఇంకోసారి పెడితె నేనూకోను."

 మేనల్లుడు ఫోన్ కింద పెట్టాడు. "గప్పుడే చెప్పొద్దా అత్తా?" అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో! లెంపకాయ కొట్టాలనిపించింది. 

మెకానిక్ పిల్లవాడు పానా కింద పెట్టాడు. "నంబర్లు లేకుంటె రంగులు. మంచి ఉపాయమే పెద్దమ్మా. వాల్వులకైతె నంబర్లు లెవ్వు. కట్టి ఇప్పుదామా?"

పక్కన పూల దుకాణం నుంచి దారం తెప్పించాడు. ఒకటే రంగు, తెల్లది. ఒకటోదానికి ఒక ముడి, రెండోదానికి రెండు ముడులు అనుకున్నాం. మొదటి వాల్వు నా చేతికిచ్చాడు. ఆయన ముడి నాకు గుర్తుంది. కొస లాగితే జారిపోవాలి, దారం ఖరాబు కాకూడదు. మొత్తం కళ్ల ముందు కనిపిస్తోంది, ఆయన వేళ్లతో సహా. దారం చుట్టాను. నా చూపుడు వేలు దానంతట అదే మెలి తిరిగింది. గుంజింది. టక్కున తెగింది.

గోటితో విప్పబోయాను. రాలేదు. పళ్లతో కొరకబోయాను, ఇప్పుడు ఆ పళ్లు కూడా లేవు. మెకానిక్ పిల్లవాడు జేబులోంచి బ్లేడు తీసి ఇచ్చాడు.